ఒక్క ‘బికాజ్ ఆఫ్’తో లోడు గొడవ: ఇంగ్లీషులో కారణం ఎలా చెప్పాలి?

కురిడీకొట్టు
ఆదివారం, రాత్రి 8.40

అందరికీ నమస్కారం. నేను అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో గుమాస్తాను. లెక్కలు, లారీ కాగితాలు, బయటి రాష్ట్రాల వ్యాపారులకు ఉత్తరాలు నా పని. గుజరాత్ వ్యాపారి ఒకాయనతో మాకు పన్నెండేళ్లుగా బేరం ఉంది. ఆయనకు తెలుగు రాదు, నాకు హిందీ అంతంత మాత్రం. ఇద్దరం వచ్చీరాని ఇంగ్లీషులో నెట్టుకొస్తున్నాం.

మొన్న వరదకు మా గోదాముకు వెళ్లే కాజ్‌వే మునిగి లోడు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఇక్కడ కురిడీ (ఎండు కొబ్బరి) రేటు పెరిగింది. రేటు చూసి సరుకు దాచుకున్నామని ఆయన అనుమానపడతాడేమోనని మా యజమాని భయం. “రేటు కోసం లోడు ఆపలేదని రాయవయ్యా” అన్నారు. నేను ఇలా రాశాను:

“వి డిడ్ నాట్ స్టాప్ ద లోడ్ బికాజ్ ఆఫ్ ద రేట్.”

లోడు ఆగింది గానీ అందుకు కారణం రేటు కాదని నా ఉద్దేశం. ఆయన మాత్రం “రేటు బాగుంది కనుక మేం లోడు ఆపలేదు, పంపించేశాం” అని చదువుకున్నాడు. మూడు రోజులు హమాలీలను కూర్చోబెట్టి లారీ కోసం ఎదురుచూశాడట. నిన్న ఫోను చేసి అరిచిన అరుపులు పక్క కొట్టువాళ్లకు కూడా వినిపించాయి.

ఇంతకీ నేను రాసింది తప్పా? ఇంకో సందేహం కూడా ఉంది. బికాజ్ ఆఫ్, డ్యూ టు, ఓయింగ్ టు, ఆన్ అకౌంట్ ఆఫ్, థాంక్స్ టు... ఏది చూసినా నిఘంటువులో ‘వల్ల’ అనే ఉంది. అన్నీ ఒకటే అయితే ఇన్ని ఎందుకు?

పడమటిగట్టు
ఆదివారం, రాత్రి 8.58

ఫోను చేసి “రోడ్ అండర్ వాటర్” అని మూడు ముక్కలు చెప్తే తీరిపోయేది. వ్యాకరణం జోలికి ఎందుకు వెళ్లారండీ.

లంకమాస్టారు
ఆదివారం, రాత్రి 9.25

గుమాస్తా గారూ, తప్పు మీదీ కాదు, ఆయనదీ కాదు. ముప్పై మూడేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, ఈ వాక్యం నన్ను కూడా చాలాసార్లు ఇరికించింది.

ఇంగ్లీషులో ‘నాట్’ క్రియ పక్కన కూర్చుంటుంది. వాక్యం చివర ‘బికాజ్’ వచ్చిందంటే, ఆ ‘నాట్’ దేన్ని కాదంటున్నదో ఇద్దరికి రెండు రకాలుగా తోస్తుంది. ఆపడాన్ని కాదన్నదనుకుంటే లోడు వెళ్లిపోయినట్టు. కారణాన్ని కాదన్నదనుకుంటే లోడు ఆగినట్టు. ఎదురుగా ఉండి మాట్లాడితే గొంతులో తేడా తెలుస్తుంది, కాగితం మీద తెలియదు.

మీరు గమనించారో లేదో, మీ యజమాని తెలుగులో అన్న మాటకు కూడా ఇదే జబ్బు ఉంది. “రేటు కోసం లోడు ఆపలేదు” అంటే ఏమిటి? ఆపారా, ఆపలేదా? లోడు గోదాములోనే ఉన్నట్టు మీరు కళ్లతో చూశారు కనుక మీకు సరిగ్గానే అర్థమైంది. గుజరాత్‌లో ఉన్నాయన ఎక్కడ చూశాడు?

అయితే ఇలాంటి చోట తెలుగుకు ఒక పనిముట్టు ఉంది. మనకు ‘లేదు’ వేరు, ‘కాదు’ వేరు. “లోడు ఆపింది రేటు వల్ల కాదు” అన్నామంటే ఇంక అనుమానానికి చోటు లేదు. ఆపడం ఖాయం, కాదన్నది కారణాన్నే. ఇంగ్లీషులో ‘నాట్’ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది కాబట్టి దాన్ని తీసుకెళ్లి కారణం పక్కనే కూర్చోబెట్టాలి. “వి స్టాప్డ్ ద లోడ్, బట్ నాట్ బికాజ్ ఆఫ్ ద రేట్” అని రాసి ఉంటే ఆ హమాలీలు ఇళ్లకు వెళ్లిపోయేవారు.

నేను పిల్లలకు చెప్పేది ఒకటే. ‘నాట్’ తర్వాత ‘బికాజ్’ వస్తే అక్కడ ఆగు, వాక్యాన్ని రెండు ముక్కలు చెయ్యి. జరిగిందేమిటో ముందు చెప్పు. ఎందుకు జరిగిందో తర్వాత చెప్పు. ఎందుకు కాదో అన్నిటికన్నా చివర చెప్పు.

రావులపాలెం_రోజా
ఆదివారం, రాత్రి 9.51

మాస్టారూ, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. మా కోచింగులో డ్యూ టు, ఓయింగ్ టు గురించి ఒక సూత్రం చెప్పారు. డ్యూ టు ఉన్నచోట ‘కాజ్డ్ బై’ పెట్టి చూడాలట. అతికితే డ్యూ టు ఒప్పు, లేకపోతే ఓయింగ్ టు పెట్టాలట. “ద డిలే వాజ్ డ్యూ టు ద ఫ్లడ్” ఒప్పు. “డ్యూ టు ద ఫ్లడ్ ద లారీ వాజ్ లేట్” తప్పు. కానీ రోజూ చూసే ఇంగ్లీషు పేపర్లలో రెండోదే కనిపిస్తోంది! పరీక్షలో ఏది పెట్టాలి, బయట ఏది రాయాలి?

డెస్కు_మనిషి
ఆదివారం, రాత్రి 10.30

రాజమహేంద్రవరంలో ఒక పత్రిక డెస్కులో చాలాకాలం పనిచేశాను కాబట్టి దీనికి నేను జవాబు చెప్పాలి.

మీ కోచింగు వారి సూత్రం వాళ్లు పుట్టించినది కాదు. 1926లో ఫౌలర్ అనే ఇంగ్లీషు పండితుడు డ్యూ టును ఓయింగ్ టులా వాడేవాళ్లను చదువురానివాళ్ల కింద జమకట్టాడు. ఆయన తర్కం ఏమిటంటే, ‘డ్యూ’ విశేషణం. దాన్ని తగిలించుకోవడానికి ఒక నామవాచకం కావాలి. మొదటి వాక్యంలో ‘డిలే’ అనే నామవాచకానికి అది తగులుకుంది, సరిపోయింది. రెండో వాక్యంలో డ్యూ ఎవరికి? లారీకా? కాదు, లేటు కావడమనే మొత్తం సంగతికి.

తెలుగులో చూస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది. “ఈ ఆలస్యం వరద వల్ల జరిగినది” అన్నచోట డ్యూ టు. “వరద వల్ల లారీ ఆలస్యమైంది” అన్నచోట ఓయింగ్ టు. మొదటిదానిలో ‘జరిగినది’ అనే ముక్క డ్యూలోనే ఇమిడి ఉంది.

ఇక అసలు తమాషా. 1957లో ఎలిజబెత్ రాణి కెనడా పార్లమెంటులో ప్రసంగం చదివింది. ధాన్యం అమ్ముడుపోక అక్కడి ప్రయరీ (గడ్డి మైదానాల) రైతుల చేతిలో డబ్బు ఆడటం లేదని చెప్పే వాక్యం అందులో ఒకటి ఉంది. అది మొదలయ్యేదే డ్యూ టుతో! రాణిగారి ఇంగ్లీషు అంటే రాణిగారి ఇంగ్లీషే కదా. అప్పటినుంచి ఈ వాడుకను సమర్థించేవాళ్లందరికీ ఆ వాక్యమే సాక్ష్యం. ధాన్యం అమ్ముడుపోని రైతుల సంగతి మన డెల్టాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కరలేదు కానీ, ఆ కష్టం ఒక వ్యాకరణ తగవును తేల్చడానికి పనికొచ్చిందని ఎందరికి తెలుసు?

అందుచేత రోజా గారూ, పరీక్షలో మీ సూత్రమే పాటించండి, మార్కు పోదు. బయట ఏది రాసినా ఎవరూ కొట్టరు. ధవళేశ్వరం దగ్గర గోదావరి పెరిగితే ఒకదాని తర్వాత ఒకటి ప్రమాద హెచ్చరికలు వస్తాయి. ఆ హెచ్చరికల వార్తలు ఇంగ్లీషులో రాసే రాత్రుల్లో డ్యూ టు ఒప్పా తప్పా అని ఆలోచించే తీరిక మాకెవరికీ ఉండేది కాదు.

లంకమాస్టారు
ఆదివారం, రాత్రి 10.44

డెస్కు గారూ, కొట్టకపోవచ్చు. నేను మాత్రం ఇప్పటికీ ఎర్ర సిరాతో గీత గీస్తాను. అలవాటు.

ఒక్క విషయంలో మాత్రం మీరూ నేనూ ఒకే మాట మీద ఉంటామనుకుంటాను. డ్యూ టు, బికాజ్ ఆఫ్ తర్వాత నామవాచకమే రావాలి. “డ్యూ టు హి వాజ్ ఇల్” అని రాసినవాళ్లను రాణిగారు కూడా కాపాడలేరు. క్రియతో పూర్తి వాక్యం వస్తే ‘ఆఫ్’ తీసేసి ఒట్టి బికాజ్ పెట్టాలి. తెలుగులోనూ అంతే కదా. “వరద వల్ల” అంటాం, “వరద వచ్చింది వల్ల” అనం. “వచ్చినందువల్ల” అనో “రావడం వల్ల” అనో క్రియను నామవాచకంగా మార్చాకే ‘వల్ల’ను తగిలిస్తాం. మనవాళ్లు తెలుగులో ఎన్నడూ చెయ్యని తప్పును ఇంగ్లీషులో ఎందుకు చేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

యానాం_గడియారం
సోమవారం, ఉదయం 6.15

రాత్రి నిద్రపోయాక ఇంత జరిగిందా!

కురిడీకొట్టు గారు అన్నీ ఒకటే అయితే ఇన్ని ఎందుకని అడిగారు, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. మా యానాంలో 1954 దాకా ఫ్రెంచి పాలన సాగింది కదా. మా తాతగారు బడిలో ఫ్రెంచి చదువుకున్నారు. నాకు ఆయన నేర్పిన నాలుగు ముక్కల్లో రెండు ఇవి: ‘ఆ కోజ్ ద’, ‘గ్రాస్ ఆ’. రెండింటికీ ‘వల్ల’ అనే అర్థం. కానీ చెడు జరిగితే మొదటిది, మేలు జరిగితే రెండోది. మేలు చేసినవాడికి మొదటిది వాడితే ఆయన చెవి మెలేసేవారు.

ఇంగ్లీషులో థాంక్స్ టు అచ్చంగా ఆ రెండోదే. ఇంకో సంగతి, ‘బికాజ్’ మాటే ఆ దారిలో వచ్చింది. ‘బై’ అనే ఇంగ్లీషు ముక్కకు ‘కాజ్’ అనే ఫ్రెంచి ముక్కను అతికించారు. మొదట రెండు మాటలుగా రాసేవారు, పోనుపోను ఒకటైంది. ‘కారణం చేత’ అని మనం అన్నట్టే.

పడమటిగట్టు
సోమవారం, ఉదయం 7.02

థాంక్స్ టు అంటే మేలు జరిగినప్పుడే అని ఖాయంగా చెప్పకండి. మా భీమవరం వైపు చెరువుల మీద తిరిగే ఇంగ్లీషు ఇంజనీరు ఒకాయన మురుగు కాలువ పొంగి రొయ్యల చెరువులో కలిసిన రోజున “థాంక్స్ టు యువర్ డ్రెయిన్” అన్నాడు. మొహం చూస్తే కృతజ్ఞత ఏమీ కనబడలేదు.

యానాం_గడియారం
సోమవారం, ఉదయం 7.10

అది దెప్పిపొడుపండీ! మనకూ ఉంది కదా. “కాటన్ దొర పుణ్యమా అని నాలుగు మెతుకులు తింటున్నాం” అంటే నిజంగా దండం పెట్టడం. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించిన మనిషి, ఊరూరా విగ్రహం ఉంది. అదే నోటితో “మా అల్లుడి పుణ్యమా అని అప్పుల్లో పడ్డాం” అంటే? మాట అదే, అర్థం తలకిందులు.

కాబట్టి థాంక్స్ టుకు తెలుగు ‘వల్ల’ కాదు. ‘పుణ్యమా అని’. మెచ్చుకోలుకూ పనికొస్తుంది, ఎత్తిపొడుపుకూ పనికొస్తుంది. నిఘంటువులో ఇలా రాసి ఉంటే ఎంత బాగుండేది.

తెల్లకోటు_సిస్టర్
సోమవారం, మధ్యాహ్నం 2.20

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. కాకినాడలో నర్సును. యానాం గారు చెప్పిన దారి నాకు నచ్చింది. ఎందుకంటే మా కేసు షీట్లలో ‘వల్ల’ అనే మాటతో నేను కొత్తలో పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

జ్వరంతో బాధపడుతున్నారని ‘సఫరింగ్ విత్ ఫీవర్’ అని రాసేదాన్ని. పెద్ద డాక్టరు గారు కొట్టేసి ‘ఫ్రమ్’ అని దిద్దేవారు. సరే, ‘తో’ అంటే విత్ కాదన్నమాట అనుకుని, చలితో వణుకుతున్నారని ‘షివరింగ్ ఫ్రమ్ కోల్డ్’ అని రాశాను. ఈసారి దాన్ని కొట్టేసి ‘విత్’ పెట్టారు. ఏడుపొచ్చింది. అప్పుడు ఆ డాక్టరమ్మే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు: జబ్బు ఎక్కడి నుంచి వచ్చి నిన్ను పట్టుకుందో దానికి ఫ్రమ్. లోపల ఉన్నది ఒంటి మీద పైకి కనిపిస్తే విత్. చలితో వణుకు, నొప్పితో మూలుగు, సిగ్గుతో ఎర్రబడటం, ఇవన్నీ విత్. చావు విషయానికి వస్తే జబ్బుతో పోతే ‘డైడ్ ఆఫ్’, దెబ్బలు తగిలి పోతే ‘డైడ్ ఫ్రమ్’. ఈ ఆఖరిదాన్ని ఇంగ్లీషువాళ్లే అటూ ఇటూ కలిపేస్తారని, మరీ పట్టింపు వద్దని కూడా అన్నారు.

ఆవిడ చెప్పనిది, నాకు నేనుగా తెలుసుకున్నది ఒకటుంది. ‘ఔట్ ఆఫ్’. ఔట్ ఆఫ్ ఫియర్, ఔట్ ఆఫ్ పిటీ, ఔట్ ఆఫ్ లవ్. వీటిని ‘భయం వల్ల’, ‘జాలి వల్ల’ అని రాసుకునేదాన్ని. ఏదో తక్కువైనట్టు ఉండేది. ఒకరోజు వార్డులో ఒక పెద్దావిడ, పథ్యంలో ఉన్న మనవడికి ఎవరూ చూడకుండా పూతరేకు పెట్టేసింది. నేను కోప్పడితే “ప్రేమ కొద్దీ పెట్టానమ్మా” అంది.

‘కొద్దీ’! అదే ఔట్ ఆఫ్. భయం కొద్దీ పారిపోయాడు, జాలి కొద్దీ ఇచ్చింది, ఆశ కొద్దీ కొన్నాడు. మనిషి తనంతట తాను చేసిన పని, దాన్ని చేయించింది లోపలి గుణం. చలి కొద్దీ వణికాడు అనం కదా! వణకడం మన చేతిలో లేదు, అందుకే అక్కడ విత్. ఇది తెలిశాక ఈ రెండింటి మధ్య మళ్లీ తడబడలేదు.

రావులపాలెం_రోజా
సోమవారం, మధ్యాహ్నం 2.41

సిస్టర్ గారూ, మీ పోస్టు నా నోటుబుక్కులోకి ఎక్కించాను. పూతరేకుతో సహా.

లంకమాస్టారు
సోమవారం, సాయంత్రం 5.30

అమ్మా సిస్టరూ, నా తరగతిలో నువ్వు ఉండి ఉంటే నాకు ఎంతో శ్రమ తప్పేది.

ఫ్రమ్ గురించి మీ డాక్టరు గారు చెప్పినది తెలుగు వ్యాకరణంలోనూ ఉంది. విభక్తులు వల్లించిన రోజులు గుర్తున్నాయా? ‘వలనన్, కంటెన్, పట్టి పంచమీ విభక్తి’. ‘దొంగ వలన భయం’ అంటే భయం ఎటు నుంచి వచ్చిందో చెప్పడమే. అంటే మన ‘వలన’కు కూడా ‘నుంచి’ అనే అర్థం ఉంది. ఆ జాబితాలో మూడోదాన్ని అందరూ మరిచిపోతారు. పట్టి. ‘నువ్వు చెప్పబట్టి వచ్చాను’, ‘వాళ్ల నాన్న ఉండబట్టి గట్టెక్కాడు’ అన్నప్పుడు వినిపించే ‘బట్టి’ అదే. ఇద్దరికీ తెలిసిన సంగతిని పట్టుకుని మాట్లాడటం. ఇంగ్లీషులో ‘సిన్స్’ చేసే పని ఇదే. వినేవాడికి కొత్త కారణం చెప్పాలంటే బికాజ్. వాడికి తెలిసిందే గుర్తుచేసి, దాని మీద నిలబడి మాట్లాడాలంటే సిన్స్.

కానీ సిన్స్‌తో చిక్కుంది. అది కాలాన్ని కూడా చెబుతుంది. “సిన్స్ ద కెనాల్ వాజ్ క్లోజ్డ్, వి హావ్ హ్యాడ్ నో వాటర్” అంటే కాలువ కట్టేసినప్పటి నుంచి అనా, కట్టేసినందువల్ల అనా? మన రైతుకు రెండూ ఒకటే అనుకోండి! ‘యాజ్’ ఇంకా అన్యాయం. అది కారణం, అదే సమయం, అదే పోలిక. అనుమానం ఉన్నచోట రెండూ మానేసి బికాజ్ రాయడం క్షేమం.

మన ‘లేక’ను కూడా మరవకండి. నీళ్లు లేక పంట ఎండింది, మందు లేక ప్రాణం పోయింది. దీన్ని ‘బికాజ్ దేర్ వాజ్ నో వాటర్’ అని సాగదీస్తారు పిల్లలు. ‘ఫర్ వాంట్ ఆఫ్ వాటర్’ అంటే సరిపోతుంది.

డెస్కు_మనిషి
సోమవారం, సాయంత్రం 6.05

మాస్టారూ, ‘కాజ్’కూ ‘రీజన్’కూ తేడా కూడా మీరే చెప్పేయండి. మా డెస్కులో రోజూ తగవే.

లంకమాస్టారు
సోమవారం, సాయంత్రం 6.50

కాజ్ జరిగేది. రీజన్ మనిషి చెప్పేది, లేదా మనిషి మనసులో ఉండేది.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టారు కదా. పొలాలు ఎందుకు మునుగుతున్నాయి? మురుగు కాలువలు పూడుకుపోయాయి. అది కాజ్. పూడికకు మనసు లేదు, ఉద్దేశం లేదు. రైతులు ఎందుకు నాటలేదు? పెట్టుబడి పెరిగి ధర గిట్టుబాటు కాక. అది రీజన్. ఆలోచించి తీసుకున్న నిర్ణయానికి చెప్పుకున్న సమాధానం. తెలుగులో రెండింటినీ కారణం అనేస్తాం కాబట్టి ఈ తగవు.

ఇంకో గురుతు: కాజ్ పక్కన ‘ఆఫ్’, రీజన్ పక్కన ‘ఫర్’. రీజన్ ఆఫ్ అని రాసిన కాగితం చూస్తే రాసినవాడు గోదావరి నీళ్లు తాగాడని నేను దూరం నుంచే చెప్పగలను. మరీ ముఖ్యంగా “ద రీజన్ ఈజ్ బికాజ్” వద్దు. కారణం ఏమిటంటే కారణం చేత, అన్నట్టు ఉంటుంది.

రావులపాలెం_రోజా
సోమవారం, రాత్రి 7.15

గోదావరి నీళ్లు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ‘వై బికాజ్’ మాటేమిటి? మా లెక్చరర్లు సగం మంది క్లాసులో అదే అంటారు. “దిస్ ఈజ్ రాంగ్, వై బికాజ్...” నేనూ అనేదాన్ని. ఇంటర్వ్యూలో ఒకాయన నవ్వేదాకా తప్పని తెలియదు.

యానాం_గడియారం
సోమవారం, రాత్రి 7.32

అది మన ‘ఎందుకంటే’కు వేసిన ఇంగ్లీషు చొక్కా. ‘ఎందుకు’ వై, ‘అంటే’ బికాజ్. మన మాటలో ప్రశ్న, జవాబు రెండూ ఉన్నాయి. మాట్లాడేవాడే ఎదుటివాడి తరఫున “ఎందుకు?” అని అడిగేసి తనే చెప్తాడు. హరికథ చెప్పే దాసుగారి ధోరణి. ఇంగ్లీషులో బికాజ్ ఒక్కటే చాలు, వై అక్కరలేదు.

దీనికి తోబుట్టువు ఇంకొకటుంది. “యాజ్ ఇట్ వాజ్ రెయినింగ్, సో ఐ డిడ్ నాట్ కమ్.” ‘వాన పడింది కాబట్టి’ అన్నప్పుడు ఆ కాబట్టిని ఎక్కడో ఒకచోట దింపాలని మన ప్రాణం కొట్టుకుంటుంది. యాజ్‌లో అది అప్పుడే దిగిపోయింది, మళ్లీ సో ఎందుకు?

తెల్లకోటు_సిస్టర్
సోమవారం, రాత్రి 7.50

యాజ్ అనగానే నాకు బడి సెలవు చీటీ గుర్తొచ్చింది. “యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్...” జ్వరం వచ్చినా అదే, పెళ్లికి అంతర్వేది వెళ్లినా అదే. ఈ ఒక్క వాక్యంలో ఫ్రమ్‌ను బడిలో సరిగ్గా రాసినదాన్ని ఆస్పత్రికి వచ్చాక విత్ అని ఎందుకు రాశానో చూడండి! బట్టీ పట్టింది చేతికి వచ్చింది, బుర్రకు రాలేదు.

పడమటిగట్టు
సోమవారం, రాత్రి 8.12

నేను ఆరో తరగతిలో మా తాత పోయాడని రెండుసార్లు రాశాను. రెండోసారి మాస్టారు “మళ్లీనా?” అన్నారు.

సరే, నాకూ ఒక సందేహం. పెద్దగా వ్యాకరణం తెలియదు. మనం “గాలికి చెట్టు కూలింది” అంటాం. వల్ల కాదు, చేత కాదు, ఒట్టి ‘కి’. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో మా మేనమామ తోటలో ఒక్క కొబ్బరిచెట్టు కూడా నిలబడలేదు. ఆయన ఇప్పటికీ “ఆ గాలికి పోయాయిరా” అంటాడు. “గాలి వల్ల పోయాయి” అని ఒక్కసారి కూడా అనలేదు. దీన్ని ఇంగ్లీషులో ఎలా అంటారు?

లంకమాస్టారు
సోమవారం, రాత్రి 8.55

చూశారా, వ్యాకరణం జోలికి ఎందుకన్నవారే అసలైన ప్రశ్న అడిగారు.

‘వల్ల’లో ఆలోచన ఉంది. జరిగినదాన్ని తర్వాత కూర్చుని విడదీసి, ఇది కారణం, ఇది ఫలితం అని చూపించడం. ‘కి’లో ఆ ఎడం లేదు. గాలి తగిలింది, చెట్టు పడింది. ఎండకు కళ్లు తిరిగాయి, వానకు గోడ నానింది, నీ మాటకు నవ్వొచ్చింది. దెబ్బ, దాని వెంటే ఫలితం. మీ మేనమామ ఆ రాత్రి చెట్లు పడుతుంటే విన్నాడు కాబట్టి ఆయన నోట ‘కి’ తప్ప ఇంకోటి రాదు.

ఇంగ్లీషులో దీనికి ఒకే మాట లేదు. చుట్టూ ఉన్నదాని దెబ్బయితే ‘ఇన్’. చెట్టు ఫెల్ ఇన్ ద స్టార్మ్, మనిషి ఫెయింటెడ్ ఇన్ ద హీట్. మనసుకు తగిలినదైతే ‘ఎట్’. లాఫ్డ్ ఎట్, సర్‌ప్రైజ్డ్ ఎట్. ఇక్కడ బికాజ్ ఆఫ్ పెడితే తప్పు కాదు. కానీ పత్రికలో నష్టపరిహారం వార్త చదివినట్టు ఉంటుంది, మేనమామ మాట్లాడినట్టు ఉండదు.

డెస్కు_మనిషి
సోమవారం, రాత్రి 9.20

నష్టపరిహారం వార్తలు రాసినవాణ్ణి నేనే, ఒప్పుకుంటున్నాను.

రావులపాలెం_రోజా
సోమవారం, రాత్రి 9.34

ఇంకొకటి. ఇప్పుడు ఇంగ్లీషు కుర్రకారు ‘బికాజ్’ పక్కన ‘ఆఫ్’ లేకుండా ఒట్టి నామవాచకం పెట్టేస్తున్నారు. ఎందుకు ఆలస్యమయ్యావంటే “బికాజ్ ట్రాఫిక్” అంటున్నారు. ఈ వాడుకను చూసే అమెరికన్ డయలెక్ట్ సొసైటీ 2013కు ఆ ఏటి మాటగా ‘బికాజ్’ను ఎంచుకుంది. మాస్టారూ, దీనికి కూడా ఎర్ర సిరాయేనా?

లంకమాస్టారు
సోమవారం, రాత్రి 9.41

ఎర్ర సిరాయే. అయినా మా ఇంట్లో “ఎందుకు రాలేదు?” అంటే మనవడు “వాన” అంటాడు. వాడికి ఆ బికాజ్ కూడా అక్కరలేదు.

కురిడీకొట్టు
మంగళవారం, మధ్యాహ్నం 12.10

అందరికీ దండాలు. పొద్దున్న యజమానికి ఇవన్నీ చదివి వినిపించాను. ‘పుణ్యమా అని’ దగ్గర పడీపడీ నవ్వారు. మాస్టారు చెప్పినట్టు, జరిగింది ముందు, కారణం తర్వాత, కానిది చివర పెట్టి ఇలా రాశాను. తెలుగులోకి దింపి పెడుతున్నాను:

“లోడు మా గోదాములోనే ఉంది. కాజ్‌వే నీటిలో ఉన్నందువల్ల లారీ రాలేదు. మేం ఆపింది రేటు కోసం కాదు. పాత రేటుకే పంపుతాం. నా వాక్యం సరిగ్గా లేనందుకు క్షమించండి.”

ఆ ‘క్షమించండి’ దగ్గర ఏం పెట్టాలో తెలియక ‘సారీ ఫర్’ పెట్టాను. సరిపోయిందా?

తెల్లకోటు_సిస్టర్
మంగళవారం, మధ్యాహ్నం 12.48

సరిపోయింది. సారీ అయినా, శిక్ష అయినా, మెచ్చుకోలు అయినా ‘ఫర్’ వస్తుంది. మన ‘అందుకు’ ఉన్నచోట చాలావరకు అదే.

కురిడీకొట్టు
మంగళవారం, సాయంత్రం 4.35

జవాబు వచ్చింది. ఒక్కటే వాక్యం. “థాంక్స్ టు యువర్ మెసేజ్, మై లేబర్ రెస్టెడ్ త్రీ డేస్.”

మా యజమానేమో “చూశావా, మంచివాడు, హమాలీలకు విశ్రాంతి దొరికిందని సంతోషపడ్డాడు” అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. యానాం గారూ, ఇది ఏ రకం పుణ్యం?

యానాం_గడియారం
మంగళవారం, సాయంత్రం 4.41

వాక్యంతో పాటు ఇంకేమైనా పంపాడా?

కురిడీకొట్టు
మంగళవారం, సాయంత్రం 4.43

మూడు రోజుల హమాలీ కూలి బిల్లు.

యానాం_గడియారం
మంగళవారం, సాయంత్రం 4.44

అల్లుడి పుణ్యమండీ.